పిల్లవాణ్ణి ఏ కోర్సులో చేర్చాలి?

పదవ తరగతి ఫలితాలు వచ్చిన వారంలో మా వంటి సంఘ కాపరులను తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఒకటే. "అయ్యగారూ, మావాణ్ణి ఎంపీసీలో చేర్చమంటారా, బైపీసీలో చేర్చమంటారా?" ఇంటర్ ఫలితాలు వచ్చాక అదే ప్రశ్న వేరే మాటలతో వస్తుంది. కంప్యూటర్ సైన్సు మంచిదా, నర్సింగ్ మంచిదా, ఊరికే డిగ్రీ చాలా? కొందరు ప్రార్థన చేసి చెప్పమంటారు. ప్రార్థన తప్పక చేస్తాము. అయితే ఏ ఉద్యోగానికి ఏ చదువు కావాలన్నది అచ్చువేసి పెట్టిన విషయం. అది తెలుసుకోవటానికి మోకాళ్లతోపాటు కాళ్లకు కూడా పని చెప్పాలి. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలన్న ఉపమానం మనకు తెలియనిది కాదు. ఇంటికి పునాది తీసేటప్పుడు ఆ లెక్క చూస్తాము. బోరు వేయించేటప్పుడు నలుగురిని అడుగుతాము. నాలుగేళ్ల చదువు దగ్గరకు వచ్చేసరికి మాత్రం పక్కింటివారి అబ్బాయి ఎందులో చేరాడో చూసి అందులోనే చేర్చి వస్తున్నాము.

ఈ వ్యాసంలో ఫలానా కోర్సు గొప్పది, ఫలానాది దండుగ అని చెప్పబోము. ఎటు నుండి ఆలోచన మొదలుపెట్టాలో చెప్పటమే మా ఉద్దేశం. మనవాళ్లు ముందు కోర్సు పేరు పట్టుకుంటారు, చదువు అయిపోయాక దానికి ఏ ఉద్యోగం వస్తుందా అని వెతుకుతారు. దానిని తిప్పి చూడాలి. ముందు ఆ బిడ్డ చేయగలిగిన ఉద్యోగాలు రెండో మూడో అనుకోవాలి. ఆ ఉద్యోగాలకు ఏ చదువు అడుగుతున్నారో కనుక్కోవాలి. అక్కడి నుండి వెనక్కి నడుచుకుంటూ ఈరోజు చేరవలసిన గ్రూపు దగ్గరకు రావాలి.

మన పెద్దలకు ఈ అవసరం రాలేదు. ఒకప్పుడు మన సంఘాలలో చదువుకున్న బిడ్డ అంటే పంతులు, కాకపోతే నర్సు. అమెరికా నుండి 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ వంటివారు ఆసుపత్రులు కట్టారు. మిషనువారు బోర్డింగులు, ట్రైనింగ్ స్కూళ్లు పెట్టారు. తమ బడులలో, ఆసుపత్రులలో పని ఉన్నది గనుకనే అందులో చేర్చుకుని నేర్పించేవారు. నేర్పినవారి దగ్గరే తరచుగా కొలువు కూడా దొరికేది. ఇప్పుడు ఆ ఏర్పాటు లేదు. సీటు అమ్మేవాడు ఒకడు, ఉద్యోగం ఇచ్చేవాడు మరొకడు. వారిద్దరికీ ఒకరితో ఒకరికి పనిలేదు. మధ్యలో ఉన్న నాలుగేళ్ల ఖర్చు మాత్రం మనది.

విద్యార్హతల పేరా ముందు చదవండి

ఏ ఉద్యోగ ప్రకటన చూసినా అందులో విద్యార్హతలు అని ఒక పేరా ఉంటుంది. దానిని చాలామంది చదువు పూర్తయ్యాక చదువుతారు. చదువు మొదలుపెట్టక ముందే చదవవలసిన పేరా అది. పాత ప్రకటన అయినా ఫరవాలేదు. మీసేవ కేంద్రంలో గానీ, ఫోను చూడటం వచ్చిన కుర్రవాడి చేత గానీ తీయించవచ్చు.

కరెంటు పనినే తీసుకోండి. ఊరిలో లైన్‌మన్‌ను రోజూ చూస్తుంటాము. ఆ ఉద్యోగానికి పదవ తరగతితోపాటు ఎలక్ట్రికల్ ట్రేడులో ఐటీఐ గానీ, ఇంటర్ వొకేషనల్‌లో ఎలక్ట్రికల్ కోర్సు గానీ అడుగుతూ వచ్చారు. స్తంభం ఎక్కి చూపించమంటారు కూడా. బీఎస్సీలో ఫిజిక్సు చదివినవానికి విద్యుత్తు గురించి పుస్తకజ్ఞానం ఎక్కువే ఉండవచ్చు. అయినా ఆ దరఖాస్తు పెట్టటానికి అతనికి అర్హత లేదు.

రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ సంగతీ ఇంతే. పదవ తరగతితోపాటు వారు చెప్పిన ట్రేడులో ఐటీఐ ఉండాలి. లేదా మెకానికల్, ఎలక్ట్రికల్ వంటి బ్రాంచీలో డిప్లొమాయో ఇంజనీరింగ్ డిగ్రీయో ఉండాలి. బీఏ, బీకాం ఫస్టు క్లాసులో ప్యాసైనా పనికిరాదు. కళ్లద్దాలు లేకుండా చూపు స్పష్టంగా ఉండాలి, రంగులు సరిగా గుర్తుపట్టాలి. ఈ రెండో మాట తెలియక ఏళ్ల తరబడి కోచింగు తీసుకుని, వైద్య పరీక్షలో వెనక్కి వచ్చేవారున్నారు. కంటి పరీక్ష చేయించటానికి ఒక పూట చాలు. ఆ పూట కోచింగుకు ముందే పెట్టుకోవటం మంచిది.

ఉపాధ్యాయ ఉద్యోగం మన కుటుంబాలకు మొదటి నుండి ఇష్టమైనది గనుక దాని గురించి కొంచెం వివరంగా చెబుతాము. ఒకటి నుండి ఐదు తరగతులు చెప్పే ఎస్‌జీటీ పోస్టు వేరు, ఆ పై తరగతులకు చెప్పే స్కూల్ అసిస్టెంట్ పోస్టు వేరు. మొదటిదానికి ఇంటర్ తర్వాత రెండేళ్ల డీఎడ్ కావాలి. రెండవదానికి డిగ్రీ తర్వాత బీఎడ్ కావాలి. 2018లో ఎన్‌సీటీఈవారు బీఎడ్ చదివినవారిని కూడా ప్రాథమిక తరగతులకు అర్హులుగా ఒప్పుకున్నారు. అది చూసి చాలామంది "డీఎడ్ ఎందుకు, బీఎడ్ అయితే రెండు తలుపులూ తెరుచుకుంటాయి" అనుకున్నారు. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆ ఏర్పాటు చెల్లదని తీర్పు చెప్పింది. చిన్న పిల్లలకు చెప్పే విద్య వేరుగా నేర్చుకోవలసిన విద్య అన్నది ఆ తీర్పు సారాంశం. దానితో బీఎడ్ వారికి ఎస్‌జీటీ దారి మూసుకుపోయింది.

ఇంకొక సంగతి. బీఎడ్‌లో ఏ సబ్జెక్టు బోధించటం నేర్చుకుంటారు, స్కూల్ అసిస్టెంటుగా ఏ పోస్టుకు అర్హులవుతారు అన్నది డిగ్రీలో చదివిన సబ్జెక్టులను బట్టి ఉంటుంది. లెక్కల పంతులు కావాలంటే డిగ్రీలో లెక్కలు ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో డిగ్రీ పద్ధతి మార్చారు. అంతకుముందు మూడు సబ్జెక్టులు సమానంగా చదివేవారు. ఆ సంవత్సరం ఒక సబ్జెక్టును మేజర్‌గా, మరొకదానిని మైనర్‌గా తీసుకునే పద్ధతి ప్రవేశపెట్టారు. కాబట్టి టీచరు కావాలనుకునే అమ్మాయి డిగ్రీ దరఖాస్తులో మేజర్ అన్న గడి నింపేటప్పుడే బీఎడ్ సంగతి ఆలోచించుకోవాలి. ఇటువంటి నిబంధనలు మారుతుంటాయి గనుక చేరే ఏటి సంగతి ఆ ఏడే కనుక్కోవాలి.

ఆ తలుపు ఎన్నాళ్లకు ఒకసారి తెరుచుకుంటుందో కూడా చూడాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2018 తర్వాత మళ్లీ పెద్ద డీఎస్సీ 2025లో వచ్చింది, 16,347 పోస్టులతో. తెలంగాణలో 2017 తర్వాత నియామకాలు జరిగింది 2024లో, 11,062 పోస్టుల ప్రకటన మీద. అంటే రెండుచోట్లా ఏడేళ్ల నిరీక్షణ. ఈ మధ్యకాలంలో ఆ యువతీ యువకులు ఏం తిని బ్రతికారు? ప్రైవేటు బడులలో చిన్న జీతానికి చెప్పినవారున్నారు, పెళ్లై వెళ్లిపోయినవారున్నారు, కూలికి పోయినవారున్నారు. టీచరు ఉద్యోగం వద్దని మా మాట కాదు. నిరీక్షించే ఏళ్లలో చేతిలో ఉండే మరొక పని ఏమిటో ఇప్పుడే అనుకోమంటున్నాము. అపొస్తలుడైన పౌలుకు కూడా చేతిలో డేరాలు కుట్టే పని ఉన్నది.

పల్లెటూరివారు పెద్దగా పట్టించుకోని కొన్ని కోర్సులు ఉన్నాయి. వ్యవసాయ పాలిటెక్నిక్, పశుసంవర్ధక పాలిటెక్నిక్, మత్స్య పాలిటెక్నిక్ అటువంటివి. వీటిలో పదవ తరగతి తర్వాత రెండేళ్లు మొదలుకొని డిప్లొమాలున్నాయి. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయాలు పెట్టినప్పుడు లక్షా ఇరవై వేలకు పైగా పోస్టులకు ఒకేసారి ప్రకటన వచ్చింది. వ్యవసాయ సహాయకులు, పశుసంవర్ధక సహాయకులు, మత్స్య సహాయకులు కావలసి వచ్చారు. ఆ డిప్లొమాలు చేతిలో ఉన్నవారు దరఖాస్తు పెట్టుకున్నారు. ఎంఏ చదివిన అన్న చూస్తూ ఉంటే డిప్లొమా చదివిన తమ్ముడు ఉద్యోగంలో చేరిన ఇల్లు మా ఎరుకలో ఉంది. అంత పెద్ద ప్రకటన ఏటా రాదు, దానిని చూసుకుని ఎవరూ చేరకూడదు. అయితే పశువైద్యశాలలోనూ, చేపల చెరువుల దగ్గరా, విత్తనాల కంపెనీలలోనూ పని తెలిసినవానికి ప్రభుత్వ ప్రకటన లేని ఏడు కూడా ఏదో ఒక పని ఉంటుంది.

పదిహేనేళ్లకే మూసుకునే తలుపులు

ఇంటర్‌లో గ్రూపు ఎన్నుకునేనాటికి మన బిడ్డకు పదిహేనేళ్లు. ఆ వయసులో పెట్టిన టిక్కు గుర్తుతో కొన్ని దారులు మూసుకుంటాయి. ఎంపీసీ తీసుకుంటే వైద్యం, పశువైద్యం, బీఎస్సీ నర్సింగ్ దారులు ఇంచుమించు పోయినట్టే. ఇంటర్ అయ్యాక జీవశాస్త్రం అదనపు సబ్జెక్టుగా చదివి నీట్ రాయవచ్చని 2023లో జాతీయ వైద్య కమిషన్ ఒప్పుకుంది గానీ, అది అందరివల్లా అయ్యే పని కాదు. బైపీసీ తీసుకుంటే ఇంజనీరింగ్ పోతుంది. డాక్టరు సీటు రాలేదని బైపీసీ పిల్లలు దిగులుపడతారు గానీ, ఆ గ్రూపుకు బీఎస్సీ అగ్రికల్చర్, వెటర్నరీ, నర్సింగ్, ఫిజియోథెరపీ, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులు ఉన్నాయి. వ్యవసాయ విశ్వవిద్యాలయం సీట్లలో రైతు బిడ్డలకు ప్రత్యేక కోటా ఉంది. భూమి కాగితాలు, పల్లె బడిలో చదివిన స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. మన ఊళ్లలో అర్హత ఉండి కూడా ఈ కోటా పేరు విననివారే ఎక్కువ.

ఏ గ్రూపుకూ మూసుకోని దారులు కూడా కొన్ని ఉన్నాయి. బీఫార్మసీ ఎంపీసీ వారికీ ఉంది, బైపీసీ వారికీ ఉంది. డీఎడ్, ఐదేళ్ల లా కోర్సు, జీఎన్‌ఎం నర్సింగ్, పోలీసు కానిస్టేబులు పరీక్ష ఏ గ్రూపుతో ఇంటర్ ప్యాసైనవారికైనా అందుబాటులో ఉన్నవే. గ్రూప్-2, ఎస్సై, బ్యాంకు క్లర్కు పరీక్షలకు ఏ డిగ్రీ అయినా చాలు. కాబట్టి బ్యాంకు ఉద్యోగం కావాలనుకునే బిడ్డను, లెక్కల సూత్రాలు చూస్తే జ్వరం వచ్చే బిడ్డను, ఇంజనీరింగులోకి తోయవలసిన పనిలేదు.

సీఈసీ గ్రూపు మీద మనవాళ్లకు చిన్నచూపు. మార్కులు తక్కువ వచ్చినవారు చేరేదని పేరు పడిపోయింది. అది మాకు నచ్చని మాట. జీఎస్టీ వచ్చిన 2017 నుండి చిన్న పట్టణంలోని ఎరువుల కొట్టు, బట్టల కొట్టువారు కూడా లెక్కలు సరిగా రాసి రిటర్నులు వేసేవాడి కోసం వెతుక్కుంటున్నారు. సీఏ చదవటానికి ఏ గ్రూపు అయినా ఫరవాలేదు. పరీక్షలు కష్టం, చాలామంది ఒకటి రెండుసార్లు తప్పుతారు. అయినా ఇంజనీరింగుతో పోలిస్తే ఫీజు ఖర్చు స్వల్పం. 2023లో వచ్చిన కొత్త పద్ధతిలో ఆర్టికిల్‌షిప్ రెండేళ్లు. ఆ రెండేళ్లూ కొద్దిపాటి స్టైపెండు కూడా ఇస్తారు.

పదవ తరగతిలో మంచి మార్కులు వచ్చిన ప్రభుత్వ బడి పిల్లలకు మరొక దారి ఉంది. నూజివీడు, ఇడుపులపాయ, బాసరలలో 2008లో ట్రిపుల్ ఐటీలు పెట్టారు. ప్రవేశ పరీక్ష లేదు, పదవ తరగతి మార్కులే ఆధారం. ప్రభుత్వ బడిలో చదివినవారికి అదనపు వెయిటేజీ ఇస్తారు. రెండేళ్ల ఇంటర్ స్థాయి చదువు, నాలుగేళ్ల బీటెక్ అన్నీ అక్కడే. లక్షలు పోసి పట్నంలో ఇంటర్ చదివించే ముందు ఈ దరఖాస్తు వేసి చూడాలి.

ఇంజనీరింగ్ గురించి

ఈ మాట ఎత్తితే మా మీద కోపం వచ్చేవారున్నారు. అయినా చెప్పాలి. 2000 సంవత్సరానికి ముందు కంప్యూటర్లు నేర్చుకుని అమెరికా వెళ్లినవారి ఇళ్లు చూసి ఆశ మొదలైంది. 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక పేద ఇంటి బిడ్డ కూడా ఇంజనీరింగ్ చదవగలిగాడు. అది నిజంగా గొప్ప మేలు. దాని వెంబడే కళాశాలలు పుట్టగొడుగుల్లా లేచాయి. ఉమ్మడి రాష్ట్రంలో ఒక దశలో ఏడు వందలు దాటాయి. తర్వాత వాటిలో ఎన్నో మూతపడ్డాయి. ఆ మూతపడిన కళాశాలల పట్టాలతో మన ఊళ్లలో ఇంకా యువకులు తిరుగుతున్నారు.

ఇప్పుడు అందరూ కంప్యూటర్ సైన్సే అడుగుతున్నారు. కళాశాలలు కూడా సివిల్, మెకానికల్ సీట్లు తగ్గించుకుని కంప్యూటర్, డేటా సైన్సు, కృత్రిమ మేధ అనే పేర్లతో సీట్లు పెంచుకున్నాయి. కంప్యూటర్ కంపెనీల ఉద్యోగాలు మాత్రం ఒక ఏడు పొంగుతాయి, ఒక ఏడు ఎండుతాయి. 2001లో చూశాము, 2008లో చూశాము. 2025 జూలైలో టీసీఎస్ సంస్థ సుమారు 12 వేలమందిని తగ్గిస్తున్నట్టు ప్రకటించింది. మన బిడ్డ ఈరోజు చేరితే బయటకు వచ్చేది నాలుగేళ్ల తర్వాత. ఈరోజు బాగున్న బ్రాంచి ఆనాటికి ఎలా ఉంటుందో పేపరు చూసి చెప్పలేము.

కంప్యూటర్ సైన్సు చెడ్డదని మేము అనటంలేదు. లెక్కలు ఇష్టంగా చేసే పిల్లవాడికి మంచి కళాశాలలో కన్వీనరు కోటాలో సీటు వస్తే సంతోషంగా చేర్చండి. లెక్కల్లో బొటాబొటి మార్కులు, పేరు తెలియని కళాశాల, అప్పు తెచ్చి కట్టే మేనేజ్‌మెంట్ సీటు, ఈ మూడూ ఒకచోట కూడితే మాత్రం ఆగి ఆలోచించండి. సివిల్, ఎలక్ట్రికల్ చదివినవారికి నీటిపారుదల, రోడ్లు భవనాలు, విద్యుత్తు శాఖలలో ఏఈ పోస్టులు వారి బ్రాంచికే కేటాయించి ఉంటాయి. ఆ పోస్టుకు కంప్యూటర్ సైన్సు చదివినవాడు పోటీకి రాలేడు.

మా మనసుకు బాగా నచ్చిన దారి పాలిటెక్నిక్. పదవ తరగతి తర్వాత పాలిసెట్ రాసి చేరితే మూడేళ్లలో డిప్లొమా చేతికి వస్తుంది. అప్పటికి పిల్లవాడికి పద్దెనిమిది, పందొమ్మిదేళ్లు. రైల్వేలో, ఫ్యాక్టరీలలో జూనియర్ ఇంజనీరు పోస్టులకు అర్హత వచ్చినట్టే. ఇంటి పరిస్థితి బాగుంటే ఈసెట్ రాసి బీటెక్ రెండవ సంవత్సరంలో చేరవచ్చు. బాగోకపోతే ఆగి సంపాదించుకోవచ్చు. తండ్రికి జబ్బు చేసినా, రెండేళ్లు వరసగా పంట పోయినా చదువు మధ్యలో వదిలేసిన చేతిలో ఏమీ మిగలదు. పాలిటెక్నిక్ అయితే మెట్టు మెట్టుకూ నిలబడటానికి చోటుంది. ఐటీఐ కూడా అటువంటిదే. రెండేళ్ల ట్రేడు చేసి డిప్లొమా రెండవ సంవత్సరంలో చేరే వీలు కూడా ఉంది. పల్లె కుటుంబానికి ఇటువంటి మెట్లున్న చదువు నాలుగేళ్లపాటు ఊపిరి బిగపట్టి దూకే చదువుకంటే క్షేమం అని మా అభిప్రాయం.

నర్సింగ్ చదివే ఆడబిడ్డలు

ఏ సంఘానికి వెళ్లినా నర్సింగ్ చదువుతున్న ఆడబిడ్డలు నలుగురైదుగురు కనబడతారు. మంచి వృత్తి. అయితే అందులో కూడా తేడాలున్నాయి. ఏఎన్‌ఎం రెండేళ్లు, జీఎన్‌ఎం మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. బీఎస్సీకి ఇంటర్‌లో జీవశాస్త్రం ఉండి తీరాలి. ఎయిమ్స్ ఆసుపత్రుల నర్సింగ్ ఆఫీసరు పరీక్షకు బీఎస్సీ చదివినవారు నేరుగా వెళ్లవచ్చు. జీఎన్‌ఎం వారికైతే యాభై పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం కూడా అడుగుతారు. చేరే ముందు ఆ స్కూలుకు ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు, రాష్ట్ర కౌన్సిల్ అనుమతి ఉన్నాయో లేదో తప్పక చూడాలి. సొంత ఆసుపత్రి ఉందా, ఉంటే అందులో రోగులున్నారా అన్నది కళ్లతో చూసి రావాలి. రోగులు లేని ఆసుపత్రిలో నర్సింగ్ నేర్చుకోవటం నీళ్లు లేని చెరువులో ఈత నేర్చుకోవటమే.

జర్మనీ వెళ్లే అవకాశాల గురించి ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. అవకాశం ఉన్నమాట నిజమే. తెలంగాణలో టామ్‌కామ్ అనే ప్రభుత్వ సంస్థ కూడా భాష నేర్పించి పంపుతున్నది. అక్కడ పూర్తి నర్సుగా గుర్తింపు రావాలంటే జర్మన్ భాషలో బీ2 అనే స్థాయి ప్యాసు కావాలి. నెలల తరబడి కూర్చుని నేర్చుకునే పని అది. భాష సంగతి ఎత్తకుండా ముందు డబ్బు కట్టమనే ఏజెంటు ఇంటికి వస్తే మంచినీళ్లిచ్చి పంపించేయండి.

అప్పు లెక్క

మన పల్లెల్లో నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే తక్కువ వడ్డీ అనే అనుకుంటాము. మూడు లక్షలు ఆ వడ్డీకి తెస్తే నెలకు ఆరు వేలు. నాలుగేళ్లు బీటెక్ అయ్యేసరికి వడ్డీ ఒక్కటే 2 లక్షల 88 వేలు. అసలు మూడు లక్షలూ అలాగే ఉంటాయి. పిల్లవాడికి నెలకు పదిహేను వేల ఉద్యోగం వచ్చిందనుకోండి. పట్నంలో గది అద్దెకు, తిండికి పోగా ఆ వడ్డీ కూడా రాదు. చివరకు అర ఎకరమో ఎకరమో అమ్ముడవుతుంది. అదే నాలుగు లక్షలు బ్యాంకులో నూటికి ఏడాదికి పది చొప్పున తీసుకుని ఏడేళ్లలో తీర్చితే నెలకు సుమారు 6,600 కట్టాలి. అందులో అసలు కూడా తీరిపోతుంది. చదువుకునే కాలంలో పడే వడ్డీని అప్పటికప్పుడు కట్టుకుంటూ వస్తేనే ఈ లెక్క నిలుస్తుంది. సాధారణంగా నాలుగు లక్షల వరకు బ్యాంకులు ఆస్తి తాకట్టు అడగవు. అప్పు చేయక తప్పకపోతే బ్యాంకుకు ముందు వెళ్లండి, షావుకారు దగ్గరకు తర్వాత.

ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది కదా అంటారు. మేనేజ్‌మెంట్ కోటాకు అది సాధారణంగా వర్తించదు. కన్వీనరు కోటాలో ఉన్నా ప్రభుత్వం నుండి డబ్బు ఆలస్యంగా రావటం రెండు రాష్ట్రాలలోనూ చూస్తూనే ఉన్నాము. తెలంగాణలో ఈ బకాయిల కోసం 2025 నవంబరులో ప్రైవేటు కళాశాలలు బంద్ కూడా చేశాయి. డబ్బు రాలేదని పరీక్ష ఫీజు దగ్గర, టీసీ దగ్గర ఇబ్బంది పెట్టేవారుంటారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కళాశాలలు తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. చేరేనాడే జెరాక్సులు ఇచ్చి, ఒరిజినల్స్ చూపించి వెనక్కి తీసుకోండి. ఒకవేళ ఇవ్వవలసి వస్తే రసీదు తీసుకోండి.

కళాశాల చూడటానికి వెళ్లినప్పుడు

ఆదివారం వెళ్లకండి. మామూలు పనిరోజు, మధ్యాహ్నం పూట వెళ్లండి. ల్యాబులో పిల్లలున్నారా, తాళం వేసి ఉందా చూడండి. బస్సు వెనుక అంటించిన కాగితంలో పెద్ద జీతం అంకె ఉంటుంది, అది ఒక్కరికి వచ్చిన జీతం. మీరు అడగవలసింది మీ బిడ్డ చేరబోయే బ్రాంచిలో పోయిన ఏడు ఎంతమంది ప్యాసయ్యారు, వారిలో ఎంతమంది ఉద్యోగంలో చేరారు, నడిమి స్థాయి పిల్లవాడి జీతం ఎంత అని. జవాబు చెప్పటానికి తడబడితే అదే జవాబు. గేటు బయట టీ కొట్టు దగ్గర నిలబడిన చివరి సంవత్సరం కుర్రవాళ్లను పలకరించండి. ఆఫీసులో చెప్పని సంగతులు వారు చెబుతారు. తండ్రికి ఇంగ్లీషు రాదని మొహమాటపడవలసిన పనిలేదు. డబ్బు కట్టేది మీరు. సంఘంలో చదువుకున్నవారిని ఒకరిని తోడు తీసుకువెళ్లండి, అటువంటి పనికి రానని ఎవరూ అనరు.

పిల్లల ఇష్టాన్ని అడగమని అందరూ అంటారు. మేమూ అంటాము. కాకపోతే ఎన్నడూ చూడని పనిని ఇష్టమో కాదో ఆ బిడ్డ ఎలా చెప్పగలదు? సెలవుల్లో ఒకరోజు ల్యాబ్ టెక్నీషియన్ దగ్గర కూర్చోబెట్టండి, ఒకరోజు కరెంటు సబ్‌స్టేషనుకు తీసుకువెళ్లండి, ఒకరోజు ఆడిటరు ఆఫీసులో ఉంచండి. రక్తం చూసి కళ్లు తిరిగే పిల్ల నర్సింగ్ సీటు తెచ్చుకుని రెండవ నెలలో ఇంటికి రావటంకంటే ముందే ఆ సంగతి తెలియటం మేలు. అన్నకు ఇంజనీరింగ్, చెల్లికి ఊళ్లో ఉన్న కళాశాలలో ఏదో ఒక డిగ్రీ అని పంచే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఆ చెల్లికి మార్కులు ఎక్కువ వచ్చిన ఇళ్లలో కూడా ఇలాగే పంచుతున్నారు. పెళ్లి చేసి పంపేదానికి ఎందుకు అంటారు. పెళ్లైన తర్వాత భర్త మంచం పట్టిన ఇళ్లు ఆ చెప్పేవారి వీధిలోనే ఉంటాయి.

ఇక కాగితాల సంగతి. మన కుటుంబాలలో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. బడిలో ఒక పేరు, బాప్తిస్మములో ఒక పేరు, ఆధార్‌లో మూడో పేరు. కౌన్సెలింగులో పదవ తరగతి మెమోలో ఉన్న పేరే చూస్తారు. ఆధార్‌లో, బ్యాంకు ఖాతాలో, ఆదాయ సర్టిఫికెట్టులో అదే పేరు, అవే అక్షరాలు, అదే ఇంటిపేరు ఉండాలి. ఎస్సీ కులాల నుండి క్రైస్తవులైనవారు రెండు రాష్ట్రాలలోనూ బీసీ-సీ కిందకు వస్తారు, దానికి ఒక శాతం రిజర్వేషన్ ఉంది. మీకు చెందిన వర్గం ఏదో ఆ సర్టిఫికెట్టే తీసుకోండి. సీటు కోసం వేరేది పెట్టి చేరితే, తర్వాత విచారణలో తేలినప్పుడు సీటూ పోతుంది, ఉద్యోగమూ పోతుంది. నాలుగవ తరగతి నుండి పదవ తరగతి వరకు స్టడీ సర్టిఫికెట్లు, టీసీ, ఆదాయం, కులం, ఇవన్నీ జూన్ నెలలో అందరూ ఒకేసారి తహసీల్దారు కార్యాలయం ముందు వరుసలో నిలబడే పని. మార్చి పరీక్షలు అయిన మర్నాటి నుండి మీ చేతిలో రెండు నెలలు ఖాళీ ఉంటాయి. పేర్లలో తప్పులుంటే ముందు ఆధార్ దిద్దించండి, ఆ తర్వాత మిగిలిన సర్టిఫికెట్లకు దరఖాస్తు పెట్టండి.